నాలుక కింద

జతల పేర్లు చదివేటప్పుడు మేడమ్ తలెత్తదు, ఈరోజూ ఎత్తలేదు, ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో చదివేసి "చివరి కుర్చీ" అని తర్వాతి జతకి వెళ్ళిపోయింది. పెద్దక్కకి మాత్రం చెవుల్లో గుయ్యిమంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె కోరుకున్నది సరిగ్గా ఇదే, ఆ పిల్ల నోరు తెరుచుకుని తన ముందు పడుకోవాలి, తన చేతిలో సూది ఉండాలి. అడగ్గానే ఎవరో వండి వడ్డించినట్టు దొరికేసరికి కాస్త భయమేసింది కూడా. క్లాసులో అందరికన్నా వయసులో పెద్దది కాబట్టి ఆమె పెద్దక్క. అందరికన్నా పొడుగు కాబట్టి ఆ పిల్ల గడకర్ర, ఆ పేరు పెట్టింది కూడా పెద్దక్కే, చేరిన కొత్తలో, ముద్దుగా. డెంటల్ హైజీన్ కోర్సులో రెండో ఏడు, మత్తు సూది పాఠం. ఇన్నాళ్ళూ రబ్బరు చిగుళ్ళున్న బొమ్మ దవడలకి గుచ్చారు, ఇక మనుషులకి గుచ్చాలి, బయటి పేషెంట్ల మీద చేయి వేసే ముందు ఒకళ్ళకొకళ్ళు గుచ్చుకోవాలి, నొప్పేమిటో మీకూ తెలియాలి కదా అంటుంది మేడమ్. ఆవిడ పక్కన నిలబడందే ఎవరూ సూది ఎత్తకూడదు. మొదటి కుర్చీ నుంచి ఒక్కో జత దగ్గరా ఆగి, చూసి, తిట్టి, మెచ్చుకుని ఈ చివరికి వచ్చేసరికి గంటైనా పడుతుంది. అంతసేపూ ఈ పిల్ల ఇలా పడుకుని ఉంటుంది, తను ఇలా నిలబడి ఉంటుంది.

గడకర్ర పడుకుంది. కుర్చీ ఎంత వెనక్కి వాల్చినా ఆ కాళ్ళు అంచు దాటి బయటికి వేలాడతాయి, మెడ కింద కాగితం గుడ్డ, కళ్ళకి నల్ల అద్దాలు, లైటు ఇంకా వెలిగించలేదు కాబట్టి ఆ అద్దాల్లో పెద్దక్కకి తన మొహమే రెండుగా కనిపిస్తోంది, మాస్కు పైన కళ్ళు మాత్రమే ఉన్న మొహం. ట్రేలో అన్నీ వరసగా పెట్టింది, నోటి అద్దం, దూది పుల్లలు, జెల్ డబ్బా, మందు గొట్టం ఎక్కించిన స్టీలు సిరంజి, మూత పెట్టి ఉన్న పొడుగు సూది. సూది ఎముకకి తగిలాక కాస్త వెనక్కి తీసుకోవాలి, తీసుకోకపోతే ఎముక మీద పొర చిరుగుతుంది, వారం దాకా నోరు తెరవలేరు. మందు నెమ్మదిగా వదలాలి, గబగబా నెడితే నిప్పు పోసినట్టు ఉంటుంది. వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూసుకోవాలి, చూసుకోకపోతే మందు రక్తంలో కలిసి గుండె దడదడలాడిపోతుంది. చేయకూడనివన్నీ ఇంత శ్రద్ధగా నేర్పించారే, అనుకుంది పెద్దక్క, ఒక్కో జాగ్రత్తనీ తిరగేస్తే ఒక్కో కసి తీరే దారి. ఆమె పెదవులు మాస్కు వెనక నవ్వాయి. ఆ నవ్వు తనది కాదేమో అనిపించింది, అయినా ఆపలేదు.

"అక్కా, చేయి వణకదు కదా?" అంది గడకర్ర పైకప్పు చూస్తూ.

"నీ చేయి వణికిందా, ఆ రోజు?" అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. "వణకదులే," అంది.

వణకని చేతులు రెండూ కలిసే నేర్చుకున్నాయి. ప్లాస్టిక్ పళ్ళకి గోళ్ళరంగు పూసుకుని, పన్ను మీద గీత పడకుండా రంగు మాత్రమే గీకడం, ఒకే గదిలో, ఒకే మంచం మీద ఎదురెదురుగా కూచుని, గీకిన ఎర్రపొట్టు దుప్పటి నిండా. పనిముట్టుని పెన్నులా పట్టుకోవాలి, ఉంగరం వేలు పన్ను మీద ఆనాలి, మణికట్టుతో లాగాలి తప్ప వేళ్ళతో కాదు. గడకర్రకి ఎంతకీ పట్టు దొరక్కపోతే పెద్దక్క వెనక కూచుని ఆ పొడుగు వేళ్ళ మీద తన వేళ్ళు వేసి చిన్నపిల్లకి అ ఆలు దిద్దించినట్టు దిద్దించింది. ఎన్నో ఏళ్ళు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూచుని ఫోన్లు ఎత్తి, ఈ వయసులో చదువేంటని ఇంట్లోవాళ్ళు నవ్వుతుంటే వచ్చి చేరిన మనిషి, తనకంటూ ఒక చెల్లెలు దొరికిందని మురిసిపోయింది. దిద్దించాను కదూ, నా వేళ్ళతోనే దిద్దించాను, అదే చేత్తో నా నోటి దగ్గర కూడు లాక్కున్నావు కదూ, అనుకుంటూ పెద్దక్క దూది పుల్లలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. మొదటి కుర్చీ దగ్గర ఎవరో కెవ్వుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు.

పోయిన టర్ము చివర క్లినికల్ పరీక్షకి పేషెంటుని ఎవరికి వాళ్ళే వెతికి తెచ్చుకోవాలి. ఊరికే ఎవరో ఒకరైతే చాలదు, పళ్ళకి బాగా గార పట్టి ఉండాలి, రాయిలా గట్టిపడిన గార, దాన్ని చిగుళ్ళ లోపలి దాకా తీసి చూపించాలి. అంత గార ఉన్నవాళ్ళు పళ్ళ కుర్చీ ఎక్కరు, ఎక్కేవాళ్ళకి అంత గార ఉండదు, పిల్లలంతా బస్టాపుల్లో నిలబడి జనం నవ్వితే పళ్ళు చూసుకునే కాలం అది. పెద్దక్కకి మాత్రం బాబాయి ఉన్నాడు. లారీ నడిపినన్నాళ్ళూ బ్రష్షుకి పెద్ద గౌరవం ఇవ్వని మనిషి, కింది పళ్ళ వెనక గోడ కట్టినట్టు గార. పళ్ళ డాక్టరంటే పోలీసుని చూసినట్టు తప్పుకునేవాడు. వారాల తరబడి బతిమాలింది, పిన్నిచేత బతిమాలించింది, చివరికి "నువ్వైతే సరే, ఇంకెవడైనా చేయి పెడితే కొరుకుతా" అని ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ లారీ క్యాబిన్‌లో కూచుని వెళ్ళేది. దారంతా మాటలే, మాటలు అయిపోతే హారన్లు. నాలుక అంగిట్లో ఆనించి లారీ హారను, పళ్ళ వెనక కొట్టి స్కూటరు హారను, నాలుక మడిచి పాత బస్సు బూర, కళ్ళు మూసుకో, ఏ బండో చెప్పు, అనేవాడు, ఒక్కోసారి ఎదురొచ్చే డ్రైవర్లు నిజమనుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు.

పరీక్షరోజు బాబాయి చెప్పిన టైము కంటే ముందే వచ్చాడు. పెద్దక్క పనిముట్లు స్టెరిలైజరు నుంచి తీసుకుని వచ్చేసరికి ఆయన గడకర్ర కుర్చీలో పడుకుని, నోట్లో అద్దం ఉండగానే ఆమెని చూసి బొటనవేలు పైకెత్తి చూపించాడు. "నువ్వే పంపావటగా! నీకు వేరే మనిషిని ఇచ్చారటగా!" అన్నాడు, అద్దం పక్కకి తీయించుకుని. పరీక్ష పెట్టే బయటి వాళ్ళు గుమ్మంలో ఉన్నారు. ఆ క్షణాన అరిస్తే బాబాయి లేచి వెళ్ళిపోతాడు, ఇద్దరి పరీక్షా పోతుంది. మాస్కు పైనుంచి గడకర్ర కళ్ళు వద్దక్కా వద్దక్కా అన్నాయి. పెద్దక్క ఖాళీ కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, పేషెంటు రాలేదని ఆమెని బయటికి పంపేశారు. ఆ సాయంత్రం ఆ పిల్ల వచ్చి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది, నా పేషెంటు ఫోను ఎత్తలేదక్కా, నాకు బుర్ర పనిచేయలేదక్కా, అని. పెద్దక్క తన చేత్తోనే కళ్ళు తుడిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తుడిచిన చేయి మీద అసహ్యమేస్తుంది. గడకర్ర ఆ బ్యాచిలో మొదటి మార్కు తెచ్చుకుంది, పెద్దాసుపత్రిలో ట్రైనింగు సీటు దానికే వచ్చింది. పెద్దక్క సెలవులన్నీ వదులుకుని అదే పరీక్ష మళ్ళీ రాసింది, ఎవరో ముసలాయన పళ్ళతో, అత్తెసరు మార్కులతో. గది మారింది. మాట మాత్రం మానలేదు, ఎదురుపడితే ఊఁ అంటే ఊఁ. చదువు సంగతే కదా, పోనీలే అనుకుంది. అనుకోగలిగింది. అదే తన పెద్దమనసని లోలోపల కాస్త గర్వపడింది కూడా, సిగ్గులేకపోతే సరి.

రెండో కుర్చీ అయింది, మూడోది మొదలైంది. సూది పడ్డవాళ్ళ నాలుకలు మొద్దుబారుతున్నాయి, ఒకమ్మాయి తన పేరు తను పలకలేక కిందామీదా పడుతుంటే చుట్టూ కిలకిలలు. తత్తత్త అని ఒకడు వెక్కిరించాడు, వాడికీ గుచ్చారు, వాడూ తత్తత్త. పెద్దక్కకి ఒళ్ళు మండింది. నవ్వండి, మీకు ఇంకాసేపట్లో తిమ్మిరి దిగిపోతుంది, హాయిగా ఇంటికెళ్ళి మాట్లాడుకుంటారు. మా బాబాయికి దిగదు. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు, ఎవరి జాలీ అక్కర్లేదనిపించింది. నాలుక కింద పుండు, మానని పుండు. పిన్ని పోరగా పోరగా ఆసుపత్రికి వెళ్ళేసరికి అది లోపలికి పాకిపోయింది. కాస్త ముందు వచ్చుంటే గోరంత ముక్కతో పోయేది కదయ్యా, అన్నాడు పెద్ద డాక్టరు, కోపంగానే. నాలుక సగం తీసేశారు. ఇప్పుడు అన్నం గుజ్జులా నలిపి పెట్టాలి, మాట గొంతులో పుట్టి నోట్లో తడిసి ముద్దవుతుంది, పిన్నికి సగం అర్థమవుతుంది, పెద్దక్కకి మొత్తం అర్థమవుతుంది, రోజూ సాయంత్రం వెళ్ళి మెత్తటి బ్రష్షుతో ఆ నోరు శుభ్రం చేసేది ఆమే కాబట్టి. హారన్లు లేవు. వీధిలో బండి హారను వినబడితే ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

నిన్న సాయంత్రం కుట్లున్న వైపు తడి గుడ్డతో అద్దుతుంటే, ఇంత ముదిరేదాకా ఎందుకూరుకున్నావు బాబాయ్, అంది, కొత్తగా కాదు, ఎప్పుడూ అనే మాటే, విసుగులో అనేసింది. ఆయన చేయి పట్టుకుని ఆపాడు. చూపించాను కదే, అన్నాడు. ఎవరికి? ఆ పొడుగమ్మాయికి. పరీక్షరోజే. నాలుక కింద మంటగా ఉందమ్మా అని నాలుక ఎత్తి మరీ చూపించాను. గార రాసుకుని పుండు పడింది బాబాయ్, గార తీసేస్తున్నాగా, అదే మానిపోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు, అంది. కాబోయే డాక్టరమ్మ కదా అనుకున్నాను. పిన్ని చూపించుకో చూపించుకో అన్నప్పుడల్లా నేను అదే చెప్పాను. పెద్దక్క చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది. నోట్లో పుండు కనిపిస్తే పనిముట్లు కింద పెట్టి మేడమ్‌ని పిలవాలి, మొదటి వారం పాఠం అది, పళ్ళ జోలికి వెళ్ళే ముందే నాలుక పట్టుకుని పక్కలూ కిందా చూడాలి. పిలిస్తే ఏమవుతుంది, ఈ పేషెంటు పనికిరాడు, ముందు పెద్ద డాక్టరు దగ్గరికి పంపండి అంటారు. లాక్కున్న పేషెంటు చేజారిపోతాడు. అదన్నమాట. దానికీ తెలుసు, తెలిసే నోరు మూయించింది. బాబాయి ఆమె మొహం చూశాడు, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, లారీకి గీత పెట్టిన వాడికి కూడా బీడీ ఇచ్చి పంపిన మనిషి, ఆ మిగిలిన సగం నాలుకతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అన్నాడు, వదలకు దాన్ని.

"అక్కా, మేడమ్ వచ్చేస్తోంది. జెల్ పెట్టవా?"

పెట్టాలి. సూది గుచ్చే చోట ముందు తుడిచి, మొద్దుబార్చే జెల్ దూదికి తీసుకుని అద్ది ఉంచాలి, అప్పుడు సూది దిగింది కూడా తెలియదు. పెద్దక్క లైటు వేసింది. గడకర్ర నోరు తెరిచింది, అవే తెల్లటి పళ్ళు, ఎర్రటి నాలుక, నిండుగా, మొత్తంగా ఉన్న నాలుక, భయానికి వెనక్కి ముడుచుకుంటోంది. పెద్దక్క జెల్ డబ్బా మూత తీసింది, దూది పుల్ల దాని దగ్గరికి తీసుకెళ్ళింది, ముంచలేదు. పొడి దూదినే దవడ చివర ఆనించి పట్టుకుంది. జెల్ చేదుగా ఉంటుంది, నోట్లో చేదు తగలకపోతే ఎవరికైనా తెలిసిపోతుంది, దీనికీ తెలిసింది, నల్ల అద్దాల వెనక కళ్ళు ఒక్కసారి కదిలాయి. చెప్పు, మేడమ్‌కి చెప్పు, చూద్దాం. మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. "జెల్ పెట్టావా?" అని అడిగింది. పెద్దక్క జవాబు చెప్పేలోపే, దూది నోట్లో ఉండగానే, గడకర్ర తలూపింది. పెట్టింది అన్నట్టు.

ఆ తలూపడం చూసి పెద్దక్కకి మంట రెట్టింపైంది. ఓహో, ఇదా సంగతి, ఒక సూదిపోటు ఓర్చుకుని చేతులు దులుపుకుందామనుకుంటోంది, ఇంత చవగ్గా. బొటనవేలు దవడ ఎముక మీద ఆనించింది, అవతలి పక్క నుంచి సిరంజి తెచ్చింది, బుగ్గ లోపలి పొర బిగించి గుచ్చింది. గడకర్ర కాళ్ళు ఒక్కసారి దగ్గరికి ముడుచుకున్నాయి. సూది లోపలికి, ఇంకా లోపలికి, ఎముక తగిలింది. అక్కడే ఆపి ఒక్క గీటు గీస్తే చాలు. చేయి వెనక్కి తీసుకుంది. ఆమె చెప్పలేదు, చేయే తీసుకుంది, నెలల తరబడి నేర్చుకున్న చేయి. వెనక్కి లాగి రక్తం చూసింది, రాలేదు. దొంగ చెయ్యి, నా మాట వినదేం, అనుకుంది పెద్దక్క కసిగా, బొటనవేలితో మందుని ఒక్క నెట్టు నెట్టింది. గడకర్ర గొంతులోంచి మూలుగు. "నెమ్మది... నెమ్మదమ్మా!" అంది మేడమ్. నెమ్మదించింది. బయటికి తీస్తూ దారిలో కొంచెం మందు వదిలింది, నాలుకకి వెళ్ళే నరం దగ్గర, అక్కడ వదిలితే నాలుక సగం మొద్దుబారుతుంది. నల్ల అద్దాల కింది నుంచి కన్నీరు చెవి దాకా జారింది. "నొప్పి పుట్టిందా?" అంది మేడమ్. గడకర్ర లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. "తొందర తగ్గించుకో. పట్టు బాగుంది," అని పెద్దక్క భుజం తట్టి మేడమ్ చేతులు కడుక్కోవడానికి సింకు వైపు నడిచింది.

పెద్దక్క సూదికి మూత పెట్టి ట్రేలో పెట్టింది. మందు పాకుతోంది, గడకర్ర ఒక పక్క పెదవి కిందికి జారింది, వేలితో తడుముకుంది. తర్వాత అద్దాలు తీసి ఎర్రబడ్డ కళ్ళతో చూసి, మొద్దుబారిన నాలుకతో అంది, "తాలా అక్కా? ఆ పలీత్సకి?"

చాలా అక్కా, ఆ పరీక్షకి. అంటే దీనికి తెలియదు. ఇన్నాళ్ళూ తను లాక్కున్నది ఒక పరీక్ష మాత్రమే అనుకుంటోంది, పరీక్ష పోతే మళ్ళీ రాసుకోవచ్చు కదా. పెద్దక్క మాస్కు కిందికి లాగింది.

"పరీక్ష ఎవడిక్కావాలే. మా బాబాయికి నాలుక సగం కోసేశారు. క్యాన్సరు. ఆ రోజు నీకు పుండు చూపించాడా లేదా?"

గడకర్ర లేచి కూచుంది. నోరు తెరిచి ఉండిపోయింది, చొల్లు కారుతోందని కూడా తెలియడంలేదు. ఏదో అంది. పెద్దక్కకి మొదటిసారే అర్థమైంది, ఇలాంటి మాట ఈ గదిలో ఆమెకి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. రోజూ వింటోంది.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

"తూపింతాడు... తూపింతాడక్కా..."

పక్క కుర్చీలోవాళ్ళు కిసుక్కుమన్నారు. ఎవరో తత్తత్త అన్నారు. "వినబడలేదు, గట్టిగా చెప్పు," అంది పెద్దక్క, తన గొంతు ఇంత ప్రశాంతంగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. గడకర్ర ఏడుస్తూ, నాలుకని పళ్ళ మధ్యకి తెచ్చుకోవడానికి అవస్థ పడుతూ, అరిచినట్టే చెప్పింది, చూపించాడు, పుండు చూశాను, చెబితే పేషెంటు పోతాడని మేడమ్‌ని పిలవలేదు, మానిపోతుందని చెప్పాను. సగం మాటలు ముద్దలే. అయినా మూడోసారికి అందరికీ అందాయి. నవ్వు ఒక్కో కుర్చీ దగ్గరా ఆగిపోయింది, తత్తత్త అన్నవాడు తల దించుకున్నాడు. సింకు దగ్గర నీళ్ళు ఇంకా పోతున్నాయి, మేడమ్ తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

"పుండు చూసి నన్ను పిలవలేదా?" అంది మేడమ్. గడకర్ర తలూపింది. "ఆ మనిషికి ఏమైంది?" అని పెద్దక్క వైపు తిరిగింది. పెద్దక్క చెప్పింది, పొడిపొడిగా, చదివిన పాఠం ఒప్పజెప్పినట్టు. ఆవిడ ఎప్పుడూ ఎవరి మొహం చూసి మాట్లాడదు, ఇప్పుడు మాత్రం గడకర్ర మొహం వంకే చూసింది. "పెద్దాసుపత్రికి ఇవాళే కబురు చేస్తాను. రేపటి నుంచి నువ్వు ఎవరి నోట్లోనూ చేయి పెట్టవు. నా గదికి రా," అంది. పెద్దక్క గుండెల్లో ఏదో ఒక్కసారి వదులైంది, వేడిగా, తియ్యగా ఉంది, ఎవరేమన్నా అది తియ్యగానే ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు. చాలలేదని కూడా అదే క్షణంలో తెలిసింది.

గడకర్ర కుర్చీ దిగింది. మేడమ్ వెనక రెండడుగులు వేసి మళ్ళీ తిరిగొచ్చి, అంత పొడుగు మనిషీ వంగి, పెద్దక్క రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగింది, ఎక్కిళ్ళ మధ్య, పెదవి ఒక పక్కకి వేలాడుతుండగా. బాబాయ్ దగ్గరికి నన్ను తీసుకెళ్తావా అక్కా, ఒక్కసారి, కాళ్ళు పట్టుకుంటాను, అంటోంది. ఒక్క అక్షరం పోకుండా అర్థమైంది.

"ఏమంటోంది?" అని అడిగింది మేడమ్ గుమ్మంలోంచి.

పెద్దక్క తన చేతులు విడిపించుకుంది.

"తెలీదు మేడమ్. నాకూ అర్థం కాలేదు," అని చెప్పి, తడి గుడ్డ తీసుకుని కుర్చీ తుడవడం మొదలుపెట్టింది.